మొదటి భుజం

హెర్నియాకు ఆపరేషన్ తప్పదని తిరుపతిలో డాక్టరు చెప్పినప్పుడు నేను అడిగింది ఒక్కటే.

“తర్వాత ఎన్నాళ్ళకు బరువు మోయొచ్చు?”

ఆయన కళ్ళద్దాల పైనుంచి నన్ను తేరిపార చూశాడు. ఇస్త్రీ చొక్కా, భుజం మీద మడత చెదరని కండువా, కుర్చీ వీపుకు ఆనకుండా కూర్చునే అలవాటు. మూటలు మోసే మనిషి పోలికలు నాలో ఆయనకు కనిపించి ఉండవు.

“ఏం పని చేస్తారు మీరు?”

“బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాను.”

“కాటా మీదికి ఎక్కేది లారీలు కదండీ, మీరు మోసేదేముంది? మూడు నెలలు బిందెడు నీళ్ళు కూడా ఎత్తకూడదు. మీ నాన్నగారికి ఈ జబ్బు ఉండేదా?”

“మా నాయనకు ఏ జబ్బూ లేదు. పోయేదాకా నిటారుగా నడిచినాడు.”

పక్కన కూర్చున్న నా భార్య చేతిగుడ్డ తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. నా గొంతులో రోషం వినపడినప్పుడల్లా ఆమెకు నవ్వొస్తుంది. పెళ్ళయినప్పటి నుంచీ అంతే.

డాక్టరుకు చెప్పనిది ఇక్కడ చెప్పాలి. చిత్తూరు చుట్టుపక్కల చాలా ఊళ్ళలో లాగే మా ఊళ్ళోనూ ఎండాకాలం భారతం జరుగుతుంది. ద్రౌపదమ్మ గుడి ఎదుట పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అందులో అర్జునుడు తపస్సు చేసే రోజు ఒకటుంది. ఆ రోజు భారతం మిట్ట మీద ఒక పొడవాటి తాటిమాను నిలబెడతారు. అర్జున వేషం కట్టినవాడు పద్యాలు పాడుకుంటూ దాని కొసకు ఎక్కి, పైనుంచి నిమ్మకాయలూ విభూతీ విసురుతాడు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు తడి చీరలతో కింద కొంగులు పట్టి నిలబడతారు. ఆ మానును ఊరి చివర నుంచి మిట్ట దాకా మనుషులే భుజాల మీద మోసుకు రావాలి. ముందు కొస కింద పెట్టే మొదటి భుజం మా ఇంటి పెద్దది.

ఒకప్పుడు మాను మా తోటలోదే. మోసినవాళ్ళు తినే అన్నం మా గాదెలోదే. తాత సగం పోగొట్టాడు. మిగతా సగం నాయన కోర్టుల చుట్టూ తిరిగి పోగొట్టాడు. చివరికి ఇల్లు కూడా మా చిన్నాయన కొడుకు కొన్నాడు. మేము చిత్తూరులో బాడుగ ఇంటికి వచ్చేశాం. నేను కాటా దగ్గర కూర్చుంటే, మా తాత నాటిన చెట్ల కాయలు ఎవరి పేరునో లారీలో వచ్చి నా ముందు తూకానికి నిలబడతాయి. నేను తూకం చీటీ రాసి ఇస్తాను. ఆ తోట తోతాపురి కాయ ముక్కు దగ్గర ఒంపును బట్టే నేను గుర్తుపట్టగలను. ఎవరికీ చెప్పలేదు.

ఇన్ని పోయాక కూడా ఆ మొదటి భుజం మాకు మిగిలింది. ఒక్క ఏడాది మా ఇంటి పెద్ద భుజం పెట్టకపోయినా అది దాయాదులకు పోతుంది. పోతే మళ్ళీ రాదు. అది ఊరి కట్టు. దాయాది అంటే ఇంకెవరో కాదు, మా ఇల్లు కొన్న ఆ తమ్ముడే. ట్రాక్టరు, బోరుబావి, మెళ్ళో గొలుసు ఉన్న మనిషి. ఇల్లు అతని చేతికి పోయినప్పటి నుంచీ నేను ఏటా పొద్దున బస్సులో ఊరికి పోయి, మాను మోసి, ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాణ్ణి. అతను “రా అన్నా, ఇంటికి రా” అని పిలిచేవాడు. నేను బస్సుకు టైమయిందనేవాణ్ణి.

నా చిన్నతనంలో నాయన మాను మోసి వచ్చిన సాయంత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. ఆయన మా ఇంటి ముందరి తిన్నె మీద కూర్చునేవాడు. అమ్మ గరిటెలో నువ్వులనూనె వెచ్చజేసి తెచ్చి ఆయన కుడి భుజానికి రుద్దేది. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఊరి బరువంతా ఆ భుజం మీద నడిచి వచ్చిందని నేను దూరంగా నిలబడి చూసేవాణ్ణి. మిగతా రోజుల్లో అమ్మ ఆయన్ను అలా ముట్టుకోవడం నేను చూడలేదు.

నాయన పంచె కింద వెడల్పాటి తోలు పట్టీ ఒకటి కట్టుకునేవాడు. దానికి ఒక పక్క గుండ్రంగా చిన్న తోలు దిండు కుట్టి ఉండేది. అది మా పూర్వీకులు గుర్రమెక్కేటప్పుడు కట్టుకున్న పట్టీ అనీ, ఆ దిండు కత్తి పిడి ఒరుసుకోకుండా పెట్టిందనీ ఇంట్లో చెప్పుకునేవాళ్ళం. ఆయన పోయాక దాన్ని నేనే దాచుకున్నాను.

నా జబ్బు ఫ్యాక్టరీలోనే బయటపడింది. చాన్నాళ్ళుగా గజ్జల్లో నిమ్మకాయంత ఉబ్బు వస్తూ పోతూ ఉంది. పడుకుంటే లోపలికి పోయేది. ఒకరోజు గుజ్జు డ్రమ్ముల లారీ తూకానికి వచ్చినప్పుడు అది పోలేదు. నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే చెమటలు కక్కి కాటా గది గోడ పట్టుకున్నాను. మేనేజరు జీపులో ఇంటికి పంపి, “నయమయ్యే దాకా ఈ పక్క రావొద్దు సార్” అన్నాడు. పేగు జారింది, ఈసారి ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు తేల్చాడు.

అప్పటికి ఇంకా శివరాత్రి రాలేదు. వెంటనే కోయించుకుంటే భారతం నాటికి మూడు నెలలు నిండుతాయని లెక్క వేసుకున్నాను. కాని ఆపరేషన్‌కు చేరాల్సిన రోజున నాకు దగ్గు పట్టుకుంది. దగ్గు ఉంటే కుట్లు నిలవవు, తగ్గాక రమ్మన్నారు. అది తగ్గింది. మళ్ళీ తేదీ ఇచ్చారు. మళ్ళీ దగ్గు. తిరుపతి బస్సెక్కి పోవడం, వెనక్కి రావడం. పనికి పోకుండా ఇంట్లో కూర్చుని మిరియాల కషాయం తాగుతూ నేను కిటికీలోంచి రోడ్డు చూసేవాణ్ణి. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సు నన్ను ఎక్కించుకోకుండా పోయేది. జీవితంలో మొదటిసారి పగలు ఇంట్లో ఉన్నాను. పగటిపూట నా భార్య పని చేసుకుంటూ సన్నగా పాడుకుంటుందని అప్పుడే తెలిసింది. నేను విన్నట్టు తెలిస్తే మానేస్తుందని పేపరు చదువుతున్నట్టు కూర్చునేవాణ్ణి.

ఉగాది కూడా దాటింది. భారతానికి ఇక నెల పైన కొద్ది రోజులే ఉంది.

“భారతం కానీ. ఆ తర్వాత కోయించుకుంటాను,” అన్నాను.

ఆమె చేటలో బియ్యం ఏరడం ఆపింది. “మాను ఎత్తేటప్పుడు పేగు ఇరుక్కుంటే?”

“ఇరుక్కోదు.”

“ఎవురు సెప్పినారు, మానా?” అంది. తర్వాత మెల్లగా, “మీ భుజం నాకు తెలుసు సామీ. దాన్ని వదులుకోమని నేను అనను. కానీ మనిషి ఉంటే కదా భుజం ఉండేది. ఈసారి దగ్గు లేదు, పదండి,” అంది.

“ఊళ్ళో మాత్రం ఎవరికీ తెలియకూడదు.”

“తెలీదులే.”

ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు మంగలి వచ్చి తెర అడ్డం లాగి, ఎక్కడ గొరగాలో అక్కడ గొరిగి పోయాడు. తెర తీశాక నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. నా భార్య మంచం దగ్గరికి వచ్చి చుట్టూ చూసి, వంగి నా చెవిలో అంది.

“తిరుపతికి వచ్చినోళ్ళంతా తల గొరిగించుకుంటారు. మా ఆయన మొక్కే వేరు.”

నేను నవ్వలేదు. మా ఇంట్లో మగవాళ్ళు అటువంటి మాటలకు నవ్వరు. కాని ఆపరేషన్ అయిన మర్నాడు, నొప్పితో పళ్ళు బిగించుకుని పడుకున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. కుట్లు లాగాయి. “అమ్మా” అన్నాను. నవ్వు ఆగలేదు. నర్సు పరుగెత్తుకొచ్చి దిండు ఒకటి పొట్టకు అదిమి పెట్టి, “నవ్వినా దగ్గినా ఇట్ల పట్టుకోండి సార్” అంది. తర్వాత చాలా రోజులు ఆ దిండు నాకు ఆయుధం. నా భార్య నోరు తెరవబోతే నేను ముందే దిండు అందుకునేవాణ్ణి.

“ఇంకా ఏమీ అనలేదు కదా,” అనేది.

“అంటావు.”

ఇంటికి వచ్చాక నడవడం మొదలుపెట్టాను. నిటారుగా నిలబడితే కుట్లు పట్టేస్తాయి. వంగి, ఒక చేయి గజ్జల దగ్గర పెట్టుకుని, గోడ వెంబడి కాళ్ళీడ్చుకుంటూ నడవాలి. మా ఊళ్ళో మా ఇంటికి ‘నడుము వంచనోళ్ళ ఇల్లు’ అని పేరు. ఆ ఇంటివాడు తాటాకు గుడిసెలో దూరుతున్నట్టు నడుస్తున్నాడు. పిల్లలిద్దరూ సెలవులకు గూడూరులో అమ్మమ్మ ఇంట్లో ఉండడం మేలైంది.

స్నానం ఆమే చేయించేది. మొదటి రోజు వద్దన్నాను. వంగి కాళ్ళు కడుక్కోబోయి మధ్యలో ఆగిపోయాను. కిందికీ పోలేను, పైకీ లేవలేను. ఆమె వచ్చి చెంబు నా చేతిలోంచి తీసుకుంది. పాదాలు కడుగుతూ, “ఇన్నేండ్లుగా మీ కాలి మీద ఈ మచ్చ ఉండేది నేను సూడలేదే,” అంది. చిన్నప్పుడు మామిడి చెట్టు మీదినుంచి పడ్డానని చెప్పాను. ఏ తోట అని అడిగింది. చెప్పాను. ఆ రోజు స్నానం చాలాసేపు జరిగింది.

సీజను మొదలైంది. మామిడి కాయల లారీలు, ట్రాక్టర్లు మా వీధి మలుపులోంచే హైవేకి పోయేవి. వాసన ఇంట్లోకి వచ్చేది. కాటా దగ్గర నా కుర్చీలో ఎవరో కూర్చుని ఉంటారు. దాని గురించి నాకు పెద్ద బెంగ లేదు. నా బెంగంతా మాను గురించే.

డాక్టరు ఇచ్చిన బెల్టు చాలదనిపించి ఒక మధ్యాహ్నం పెట్టె తెరిచి నాయన తోలు పట్టీ తీశాను. మాను ఎత్తేటప్పుడు ఇది కట్టుకుంటే నడుముకు బలం వస్తుందని నా ఆలోచన. కట్టుకుని చూశాను. ఆ గుండ్రటి తోలు దిండు సరిగ్గా నా కుట్ల మీదికి వచ్చి కూర్చుంది. కత్తి పిడికి అక్కడేం పని అని నాకు తోచలేదు. నా భార్య గుమ్మంలో నిలబడి పట్టీని, నన్ను చాలాసేపు చూసింది. తోలు బిరుసెక్కిందనీ కుట్లకు మంచిది కాదనీ చెప్పి విప్పించి, మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టింది.

అంతలో ఎదురింటి ఎస్టీడీ బూత్‌కు ఊరి నుంచి ఫోను వచ్చింది. తమ్ముడే. నేను లేచి పోలేక ఆమెను పంపాను. తిరిగి వచ్చి, “అన్న వస్తాడు కదా అని అడిగినాడు. వస్తాడని సెప్పినాను,” అంది.

“ఇంకేమీ చెప్పలేదు కదా?”

“జలుబు చేసిందన్నాను.”

అర్జునుడు విసిరే నిమ్మకాయలు ఏటా ఆమె పుట్టింటి నుంచి, గూడూరు నుంచి వస్తాయి. మా పెళ్ళయిన ఏడాది మొదలైన ఆనవాయితీ అది. ఈసారి బస్తా వచ్చాక, “మీరు రేపు మెల్లగా రండి. నేను ఈ రోజే పోయి నిమ్మకాయలు గుళ్ళో ఇచ్చి, మా తోడికోడలి దగ్గర పడుకుంటాను,” అంది. తమ్ముడి ఇంట్లో పడుకోవడం నాకు నచ్చలేదు. నా భుజం సంగతి తప్ప ఇంకేదీ ఆలోచించే ఓపిక లేక ఊరుకున్నాను.

మర్నాడు బస్సు దిగి ఊరి చివరికి నడిచాను. బెల్టు బిగించి, పైన కండువా చుట్టి, కుట్లు ఎంత లాగినా నిటారుగా నడిచాను. మాను మామూలుగా నేల మీద దుంగల మీద ఉంటుంది. మోసేవాళ్ళు గొంతుకూర్చుని భుజం కిందికి దూర్చి లేవాలి. నా భయమంతా ఆ లేవడం గురించే. కాని ఆ రోజు మాను నేల మీద లేదు. పసుపు, కుంకుమ పూసుకుని తమ్ముడి ట్రాక్టరు ట్రాలీ మీద పడుకుని ఉంది. కొస ట్రాలీ బయటికి సరిగ్గా నా భుజం ఎత్తున వచ్చి ఉంది.

“ఇదేందప్పా, ట్రాలీ ఎందుకు?” అని తమ్ముణ్ణి అడిగాను.

“నేల తడిగా ఉండాదన్నా.”

ఆ ఎండాకాలం మా ఊళ్ళో చుక్క వాన పడలేదు. కాళ్ళ కింద మట్టి నిప్పులాగా కాలుతోంది. అతను నా కళ్ళలోకి చూడకుండా కండువా తలకు చుట్టుకున్నాడు. మిగతావాళ్ళు కూడా మానునే చూస్తున్నారు.

మాను మోసేవాళ్ళకు పెద్ద ఒకాయన ఉన్నాడు. నాయన కాలం నుంచీ ఆయనే కేక వేస్తాడు. నాకు తల నెరిసినా ఆయనకు నేనింకా చిన్నయ్యనే. ఆయన గొంతెత్తాడు.

“మొదటి భుజం యాడ?”

“ఈడ!” అన్నాను. అది మా ఇంటివాళ్ళు చెప్పాల్సిన జవాబు. కొస కిందికి పోయి కుడి భుజం పెట్టాను. డప్పులు మోగాయి. ట్రాలీ ముందుకు కదిలి మాను కిందినుంచి తప్పుకుంది. నేను పళ్ళు బిగించి బరువు కోసం ఎదురుచూశాను.

బరువు రాలేదు.

తల తిప్పి చూశాను. మాను నా భుజానికి జానెడు పైన ఉంది. నా వెనక తమ్ముడు, అతని వెనక ఇంకా ఎందరో, ఏటా ఉండేవాళ్ళ కన్నా ఎక్కువమంది, చేతులు పైకెత్తి దాన్ని పట్టుకుని నడుస్తున్నారు. నేను భుజం పైకి లేపాను. మాను కూడా అంతే పైకి లేచింది. మునివేళ్ళ మీద నడిచాను. అది ఇంకొంచెం లేచింది.

“అన్నా, ఎగరొద్దన్నా,” అన్నాడు తమ్ముడు ఆయాసపడుతూ. “ఇంకా పైకెత్తడం మా వల్ల కాదు.”

పక్కనే నడుస్తున్న పెద్దాయన, “కుదురుగా నడువు చిన్నయ్యా. మాను సంగతి మేము సూసుకుంటాము,” అన్నాడు.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నడవడం మాత్రం ఆపలేదు. ఆపితే మాను ఆగుతుంది. తమ్ముడి చెమట నా మెడ మీద బొట్లు బొట్లుగా పడుతూనే ఉంది. కట్టు ప్రకారం ఆ రోజు నేను రాకపోతే మొదటి భుజం అతనిదే అయ్యేది. అతనికి కావాలనుకుంటే, ‘అన్నకు ఒంట్లో బాగాలేదు’ అన్న ఒక్క మాట చాలు. దానికి బదులు చేతులు పైకెత్తి భారతం మిట్ట దాకా వచ్చాడు.

మాను నిలబెట్టాక పెద్దాయన గుడి పక్క నీడలో మజ్జిగ తాగుతూ కూర్చున్నాడు. పోయి పక్కన నిలబడ్డాను.

“ఎవరు చెప్పినారు మీకు?”

“ఎవురు సెప్తే ఏమిలే. నిమ్మకాయలు తెచ్చినమ్మ సెప్పింది.” ఒక గుక్క తాగి మళ్ళీ అన్నాడు. “మీ నాయనకూ ఇట్లనే మోసినాము గదా. ఎన్నేండ్లో! ఆ తోలు పట్టీ కట్టుకోని వస్తా ఉండె పాపం. పేగు జారినోడు మాను ఎట్ల మోస్తాడు? అప్పుడు మీయమ్మ వచ్చి సెప్పింది.”

“నాయనకు తెలుసా?”

“తెలీకుండా ఉంటాదా? ఆయన భుజం కదా.” నవ్వాడు. “కానీ ఒక్కసారి కూడా నీ మాదిరి ఎగిరి సూడలేదు. పెద్దమనిషి.”

నేను ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. అర్జునుడు మాను కొసకు చేరి నిమ్మకాయలు విసురుతుంటే, తడి చీరల మధ్య నా భార్య తోడికోడలి పక్కన నిలబడి పైకి చూస్తూ కనిపించింది.

సాయంత్రం బస్సుకు టైమయింది. తమ్ముడు ఎప్పటిలాగే, “రా అన్నా, ఇంటికి రా,” అన్నాడు. నేను బస్సు మాట ఎత్తలేదు. అతని వెనక నడిచాను. ఈసారి కొంచెం వంగే నడిచాను, కుట్లు అంతగా లాగుతున్నాయి. ఇంటికి కొత్తగా రంగు వేశారు. తిన్నె మాత్రం పాతదే. నాయన కూర్చునే చోట కూర్చుని, తమ్ముడి పెళ్ళాం ఇచ్చిన మంచినీళ్ళు తాగాను.

లోపలినుంచి నా భార్య వచ్చింది. చేతిలో గరిటె, గరిటెలో వెచ్చటి నువ్వులనూనె. అమ్మ ఈ తిన్నె మీద నూనె రుద్దే సంగతి పెద్దాయన ఆమెకు ముందురోజే చెప్పి ఉండాలి.

“ఏ భుజం?” అంది.

“కుడిది.”

చొక్కా పక్కకు జరిపి రుద్దడం మొదలుపెట్టింది. ముఖంలో నవ్వు జాడ లేదు. చాలా శ్రద్ధగా, ఎంతో నొప్పి ఉన్న చోటును చూసుకుని రుద్దినట్టు రుద్దింది. నేను అలవాటుగా దిండు కోసం చేయి చాచి, లేదని గుర్తొచ్చి కండువా పొట్టకు అదిమిపెట్టుకున్నాను. ఆమె ఏమీ అనలేదు.

“బరువుగా ఉండిందా?” అని మాత్రం అడిగింది.

“ఉండింది,” అన్నాను. “ఇంకొంచెం పైకి రుద్దు.”